తిన్నింటి వాసాలే ఎందుకు లెక్కపెట్టాలి?

ప్రశ్న: "తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం" అంటే అన్నం పెట్టినవాళ్ళకే ద్రోహం తలపెట్టడమని అందరం వాడతాం. దూలాలున్నాయి, స్తంభాలున్నాయి, తలుపులున్నాయి. వాసాలే ఎందుకు వచ్చాయి? పట్నంలో పెరిగిన పిల్లలు దీన్ని నివాసంలోని వాసం అనుకుంటున్నారు. తెలిసినవారు చెప్పగలరా?

జవాబు: రెండూ వేరండీ. నివాసంలోది ఉండటం అనే అర్థమున్న సంస్కృత పదం. ఇంటి వాసం అంటే కప్పును మోసే ఏటవాలు కర్ర. నడికొప్పు, అంటే కప్పు శిఖరం, దగ్గర మొదలై గోడ మీదుగా చూరు దాకా దిగుతుంది. వాసాల మీద అడ్డంగా బద్దలు, బద్దల మీద తాటాకో పెంకో. కూర్చున్నవాడి చూపు గోడల మీద, దూలాల మీద ఉంటుంది. వెల్లకిలా పడుకున్నవాడికే వాసాలు వరసగా కనిపిస్తాయి. అంటే భోంచేసి, ఆ ఇంట్లోనే నడుం వాల్చేంత చనువున్నవాడన్న మాట. సామెతలో ముల్లు అక్కడే ఉందని నా ఉద్దేశం.

జవాబు: పైవారి మాటకు ఇంకొకటి కలుపుతాను. మన ఇళ్ళ కొలతే కప్పు కర్రలతో ముడిపడినది. రెండు దూలాల నడుమ జాగా అంకణం. "అయిదంకణాల ఇల్లు" అంటే ఇల్లు ఎంతదో, ఇంటివాడి స్తోమతు ఏపాటిదో ఒక్క మాటలో తెలిసిపోయేది. ఇవాళ ఆ మాట స్థలాల బేరంలో మిగిలింది. నెల్లూరులో అంకణమంటే 72 చదరపు అడుగులు, తిరుపతిలో 36. కప్పు కింద పడుకుని కర్రలు లెక్కపెట్టేవాడు ఆ ఇంటి ఆస్తికి అంచనా కడుతున్నాడన్నమాట. సామెతకు ఇది సరిపోయే అర్థం అనిపిస్తోంది.

ప్రశ్న అడిగినవారు: బావుందండీ. మరి ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిళ్ళున్నాయి కదా. వాటిలో దూలాలతో అంకణాలు విడదీయడం కుదరదు. అక్కడ లెక్క ఎలా?

జవాబు: చుట్టింట్లో వాసాల లెక్కే ఇంటి లెక్క. గుండ్రటి మట్టిగోడ, మీద శంకువులాంటి తాటాకు కప్పు, దాదాపు నేలను తాకే చూరు. గోడకు మూలలు లేవు కాబట్టి తుపాను గాలి పట్టు దొరక్క పక్కలకు జారిపోతుంది. చూరు కిందికి ఉండటంతో వాన మట్టిగోడను కొట్టదు. ఇక వాసాలు. 18 అడుగుల అడ్డమున్న ఇంటికి గోడ చుట్టుకొలత 56 అడుగుల పైచిలుకు. అడుగున్నరకొకటి వేస్తే 37, 38 వాసాలు పడతాయి. చిక్కంతా పైన. మూడంగుళాల లావున్న 38 కర్రలు ఒకదాన్నొకటి ఆనుకుంటే 114 అంగుళాలు, అంటే మూడడుగుల అడ్డమున్న గుండ్రం దగ్గరే చోటు నిండిపోతుంది. అందుకని కొన్నిటినే కొప్పు దాకా పోనిచ్చి, మిగతావాటిని మధ్యలో ఒక వలయానికి కట్టి ఆపాలి. అన్నిటినీ పైకి తోస్తే కొప్పు దగ్గర బుడిపెలా లేచి, ఆకు సరిగా కూర్చోక అక్కడే కురుస్తుంది.

కర్ర సంగతి కూడా చెప్పాలి. తాటివాసానికి ముదురు చెట్టే కావాలి. మానులో చేవ అంచున ఉంటుంది, నడుమంతా మెత్తటి పీచు. ఆ పీచు చెక్కేయకపోతే పురుగు పడుతుంది. వాసం కింద సన్నటి పొడి రాలి కనిపించిందంటే అది పుచ్చుతున్నట్టే. తడి గోడను ఆనుకున్న కొసకు ముందుగా చెద పడుతుంది.

జవాబు: గుండ్రటి ఇంటి మాట వచ్చింది కాబట్టి గుంటుపల్లి చెప్పి తీరాలి. ఏలూరు జిల్లా కామవరపుకోట మండలం, జీలకర్రగూడెం దగ్గర కొండలో తొలిచిన బౌద్ధ చైత్యం, అంటే స్తూపమున్న ప్రార్థనా మందిరం. క్రీ.పూ. 2వ శతాబ్దం నాటిదంటారు. లోపల గుండ్రటి గది, అడ్డం 18 అడుగులకు కాస్త అటూ ఇటూ. నడుమ రాతి స్తూపం. తల ఎత్తితే గుమ్మటం లోపలి వైపు రాతిలోనే చెక్కిన వాసాలు, అడ్డంగా వాటిని కలుపుతూ వలయాలు! కొండే కప్పయినచోట వాసం మోసేదేమీ లేదు. అయినా శిల్పి దాన్ని వదల్లేదు. అతని కంటికి కప్పు అంటే వాసాలే. గుమ్మం పైన కమాను కూడా కర్రపనిని చూసి చెక్కిందే. బీహారు బరాబర్ కొండల్లో లోమశ ఋషి గుహ ముఖద్వారం ఇదే తీరు. కర్రతో కట్టిన ఆ కాలపు గుండ్రటి ఇళ్ళు ఒక్కటీ మిగల్లేదు. వాటి లోకప్పు ఎలా ఉండేదో మనకు చూపించేది ఈ రాయి.

ఆ అలవాటు చాలాకాలం పోలేదు. హంపీ విఠలాలయంలో రాతి చూరు కిందికి వెళ్ళి చూడండి, అక్కడా కర్రలూ బద్దలూ చెక్కి ఉంటాయి.

ప్రశ్న అడిగినవారు: అయితే గుంటుపల్లిలో వాసాలు లెక్కపెట్టొచ్చన్నమాట!

జవాబు: పెట్టొచ్చండీ, కానీ పడుకుని కాదు. స్తూపాన్ని ధర్మలింగేశ్వరుడిగా పూజిస్తారు, చుట్టూ ప్రదక్షిణ దారి ఇరుకు. పైగా స్తూపం అడ్డురావడంతో ఒక్కచోట నిలబడితే కప్పంతా కనబడదు. గుమ్మానికి సూటిగా ఉన్న వాసాన్ని మొదటిదిగా గుర్తు పెట్టుకుని, ప్రదక్షిణ చేస్తూ లెక్కించి, మళ్ళీ గుమ్మం దగ్గర ఆపండి. గుర్తు లేకుండా మొదలెడితే ఒకే వాసం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.