ఆధారమా, ఆకరమా? చరిత్ర క్లాసులో ఏ మాట వాడాలి

‘ప్రైమరీ సోర్స్’ని (శాసనం, పత్రం, కుండపెంకు లాంటి, ఆ కాలం నుంచే మనకు మిగిలినదాన్ని) తెలుగులో ఏమనాలని గ్రూపులో అడిగితే అందరూ ‘ప్రాథమిక ఆధారం’ అని తేల్చేశారు. పాఠ్యపుస్తకాల్లో ఉన్నదీ అదే, గ్రూప్స్ పరీక్షల మెటీరియల్ తెరిస్తే పురావస్తు ఆధారాలు, సాహిత్య ఆధారాలు అనే కదా మొదలు. నాకు మాత్రం డిగ్రీ పిల్లలకి చరిత్ర చెప్పేటప్పుడు ఈ మాటే అడ్డం పడుతోందని అనుమానం.

మన వాడుకలో ఆధారం దొరికిందంటే వాదన ముగిసినట్టే. ‘ఆధారాలున్నాయా?’ అని నిలదీస్తాం, లేకపోతే ‘నిరాధారం’ అని కొట్టిపారేస్తాం. ఇక శాసనం ఆధారమని చెప్పాక కుర్రాడు దాన్నెందుకు ప్రశ్నిస్తాడు? ఉన్నదున్నట్టు బిట్టు కింద బట్టీ పట్టేస్తాడు.

ఇది మన పిల్లల జబ్బే కాదు లెండి. అమెరికాలో ఇండియానా యూనివర్సిటీలో పనిచేసిన లియా షాప్‌కో అని ఒక మధ్యయుగ చరిత్రకారిణి, 11, 12 శతాబ్దాల నార్మన్లు (ఉత్తర ఫ్రాన్స్‌లోని నార్మండీ వాళ్లు) తమ చరిత్ర ఎలా రాసుకున్నారన్నది ఆవిడ అసలు రంగం. ఆవిడా, మరో ముగ్గురూ (డియాజ్, మిడెన్‌డార్ఫ్, పేస్) కలిసి తమ చరిత్ర విభాగం మీదే పరిశోధన చేసి 2008లో ‘జర్నల్ ఆఫ్ అమెరికన్ హిస్టరీ’లో వ్యాసం రాశారు. వాళ్లు కూర్చోబెట్టి ప్రశ్నలడిగింది మాస్టార్లని: పిల్లలు ఎక్కడ ఇరుక్కుపోతున్నారు, అదే చోట మీరైతే ఏం చేస్తారు, అడుగడుగూ విడమరిచి చెప్పండి అని. పిల్లలేమో చరిత్రంటే జరిగినవి గుర్తుపెట్టుకోవడమే అనుకుని వస్తారు. మాస్టార్లేమో అలవాటైపోయి, ఒక పత్రాన్ని తాము ఎలా శంకిస్తారో పైకి చెప్పనే చెప్పరు. పైగా ఇష్టమైన కథ తలకిందులైతే కొందరు పిల్లలు నొచ్చుకుంటారు, అది తెలివికి సంబంధించిన ఇబ్బందే కాదు.

మన దగ్గర కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వర్తకులకు భయం లేదని మాటిచ్చి వేయించిన అభయశాసనం (1244) చూడండి. గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ వెనకటి రాజులు బలవంతంగా లాక్కున్నారట. ప్రాణం కన్నా డబ్బే ఎక్కువనుకుని సముద్రానికి తెగించినవాళ్ల మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం తను సుంకం తప్ప అన్నీ వదిలేస్తాడట. పరీక్షలో జవాబు: ‘విదేశీ వర్తకాన్ని ప్రోత్సహించిన ఉదారుడు.’ పది మార్కులు. కానీ ఈ మాట ఎవరు చదవాలని రాయి మీద చెక్కించాడు? వెనకటి రాజుల్ని తిట్టడం ఎందుకు? 1358లో అదే మోటుపల్లిలో రెడ్డిరాజు అనపోతారెడ్డి మళ్లీ అభయం ఇవ్వాల్సి వచ్చిందంటే తొలి మాట ఏమైనట్టు?

ఓడ సరుకు లాక్కుంటారన్న భయం వర్తకులకు ఉండేదని చెప్పడానికి ఈ శాసనం గట్టి ఆధారం. దోపిడీ నిజంగా ఆగిందని చెప్పడానికి బలహీనమైన ఆధారం. రాయి ఒకటే! అందుకే ఆ రాయిని ‘ఆకరం’ అందాం, ‘ఆకర గ్రంథాలు’ అని మన పండితులు ఎప్పటినుంచో అంటున్నదే. ఆకరమంటే గని, తవ్వితే గానీ ఏదీ చేతికి రాదు. ఫలానా ప్రశ్నకు అది పనికొచ్చినప్పుడే ఆధారం అనాలి.

జవాబు: బాగుందండీ, కానీ ‘ఆకరం’ అంటే ఇప్పటి పిల్లలకి ఆకారానికి అచ్చుతప్పులా కనిపిస్తుంది. ‘సాక్ష్యం’ అనొచ్చుగా? దొంగసాక్ష్యం కూడా ఉంటుందని అందరికీ తెలుసు, బోనెక్కించి అడ్డప్రశ్నలు వేయొచ్చనీ తెలుసు. మీరు కోరే శంక ఆ మాటలోనే ఉంది.

జవాబు: ‘మూలం’ అంటే సరిపోదా?

జవాబు (పోస్టు పెట్టినవారు): సాక్ష్యం విషయంలో సగం ఒప్పుకుంటానండీ. చరిత్ర రాసిన సన్యాసికీ, రాజును పొగుడుతూ ప్రశస్తి రాసిన ఆస్థానకవికీ అది భేషుగ్గా సరిపోతుంది. కానీ సాక్షి అంటే కళ్లారా చూసినవాడు, కుండపెంకు ఏం చూసిందని సాక్ష్యం చెబుతుంది? ‘మూలం’ అనగానే పక్కన అనువాదమో వ్యాఖ్యానమో గుర్తొస్తుంది, అది వేరే లెక్క. అచ్చుతప్పు గొడవ మాత్రం నిజమే, మొదటి క్లాసులో బోర్డు మీద రాసి చూపిస్తే చాలనుకుంటా. అన్నట్టు, ‘ప్రాథమిక’ సంగతి ఎవరూ ఎత్తలేదేం? అది వింటే నాకు ఎప్పుడూ ఐదో తరగతి దాకా ఉన్న బడే గుర్తొస్తుంది. దానికి ఎవరి దగ్గరైనా మంచి మాట ఉంటే పడేయండి.