పాచి పట్టిన రాళ్ళ మీద జారని బూట్లు ఏవి?

టెనెసీలోని కమ్మిన్స్ ఫాల్స్‌కి ఆర్వీల్లో (ఇల్లులాంటి బళ్ళలో) తిరిగే మా మూడు కుటుంబాలం వచ్చే నెల మళ్ళీ వెళ్తున్నాం. 75 అడుగుల జలపాతం కింద ఈత మడుగు అద్భుతం, కానీ అక్కడికి చేరాలంటే నదిలో, బండరాళ్ళ మీదుగా నడవాల్సిందే. పర్మిట్లు, పిల్లలకి లైఫ్ జాకెట్లు సిద్ధం.

టెన్షనంతా మా అత్తయ్యగారి గురించే. ఆవిడకి 61 ఏళ్ళు, నడక బాగానే ఉంది. పోయినసారి పలచటి వాటర్ షూస్ వేసుకున్నారు. మోకాలి లోతు నీళ్ళలో పాచి మీద మడమ పక్కకి జారిపోయింది, అరికాలికి రాళ్ళు గుచ్చుకున్నాయి. తర్వాత ఊరి దగ్గర వాగులో హైకింగ్ బూట్లు ప్రయత్నించాం. నీళ్ళు నిండి బరువెక్కాయి, జారుడు తగ్గలేదు. చేతికర్రతో ఆసరా దొరికింది, అంతే.

చేపలు పట్టేవాళ్ళు వాడే, అడుగున ఫెల్ట్ (ఒత్తి చేసిన మందపాటి ఉన్నిలాంటి గుడ్డ) ఉన్న బూట్లు పాచి మీద బాగా పట్టుకుంటాయంటారు, కానీ ఒడ్డున బురద దారి కూడా ఉంది, అక్కడ ఎలా ఉంటాయో తెలీదు.

ఇలాంటి దారిలో పెద్దవాళ్ళని తీసుకెళ్ళినవాళ్ళు చెప్పండి: ఫెల్ట్ అడుగు మంచిదా, మెత్తటి రబ్బరు అడుగు మంచిదా?