మేత్రాసనంలో ‘మైత్రి’ ఉందా?

గుత్తికోట:
మా కతోలిక చర్చిలో ఒక బిషప్పు కిందుండే ప్రాంతాన్ని మేత్రాసనం అంటాము. పోయిన ఆదివారం పూజలో ఒక గురువుగారు (ఫాదర్) మేత్రాసనం అంటే మైత్రి ఆసనం, మనుషులను కలిపే పీఠం అని చెప్పినారు. మా జేజికి ఆ మాట శానా నచ్చింది. నాకు మాత్రం కుదరలేదు. మైత్రి, ఆసనం కలిస్తే ‘మైత్ర్యాసనం’ కావాల కదా? అనంతపురం జిల్లా మాది, కర్నూలు మేత్రాసనం కిందికి వస్తాము. తెలిసినోళ్లు చెప్పండి.

మరియాపురం_కడప:
మీ అనుమానం సరైందే తమ్ముడూ. బిషప్పును మేత్రాణులు అంటాము కదా, ఆ మాటను పట్టుకోండి. గ్రీకులో ‘మెత్రోపొలిస్’ అంటే తల్లి పట్నం. ఆ పట్నంలో కూర్చుని చుట్టుపక్కల బిషప్పులకు పెద్దగా ఉండేవారు ‘మెత్రోపొలితేస్’. సిరియాక్ భాషలో ఆ పేరు పొట్టిదయింది, కేరళ సిరియన్ క్రైస్తవుల నోట ‘మెత్రాన్’ అయింది. తమిళంలో మేత్రిరాణియార్, ఆయన పీఠం మేత్రిరాసనం. మనకు తమిళం దారిలోనే వచ్చిందని నా నమ్మకం. తిరుసభ, తిరుకుటుంబం, తిరుహృదయం అని ఈనాటికీ అంటున్నామే, ఆ ‘తిరు’ యాడిది? మొత్తం మాటలో సంస్కృతం ‘ఆసనం’ ఒక్కటే.

నంద్యాల_సిఎస్ఐ:
మా సిఎస్ఐ (ప్రొటెస్టెంట్) సంఘాల్లో బిషప్పుగారి పరిధిని అధ్యక్షఖండం అంటారు. బైబిల్లో మొదటి తిమోతి 3వ అధ్యాయంలో ఉండేది కూడా ‘అధ్యక్షపదవి’ అనే. వినగానే తెలుగువాడికి అర్థమయ్యే మాట అది. అర్థం తెలియని పరాయి మాటను మోసేకంటే, జనం దాంట్లో మైత్రిని చూసుకుంటే తప్పేముంది అక్కా?

మరియాపురం_కడప:
అధ్యక్షుడు గొప్ప అనువాదం అన్నా, ఒప్పుకుంటా. గ్రీకు ‘ఎపిస్కొపోస్’ అంటే పైనుండి చూసుకునేవాడు. అధ్యక్షలోనూ ‘అధి’, ‘అక్షి’ ఉన్నాయంటారు. మైత్రి అని బోధించడం కూడా మంచి బోధే. నా బాధల్లా దాన్నే పుట్టుక అని చెప్పడం మీద. అట్ల చెప్తే కేరళా పోతుంది, తల్లి పట్నమూ పోతుంది. ఇంకోటి చూడండి. కర్నూలు 1967లో, కడప 1976లో మేత్రాసనాలయినాయి. రెండూ హైదరాబాదు అగ్రపీఠం (ఆర్చిబిషప్పు పీఠం) కింద ఉన్నాయి. పాత అర్థాన్ని గట్టిగా పట్టుకుంటే ‘మేత్రాణి’ అనాల్సింది హైదరాబాదు అగ్రపీఠాధిపతిని మాత్రమే. మన నోట్లో ఆ మాట ప్రతి బిషప్పుకూ పారింది. ఇదంతా మన చరిత్రే కదా, ఎందుకు పోగొట్టుకోవాల?

గుత్తికోట:
సంధి సంగతి నేను పట్టింది సరే అన్నమాట. రాత్రికి జేజికి తల్లి పట్నం గురించి చెప్తా అక్కా.