పూల్ హీటర్ ఆన్ అయితే ఫైర్ పిట్ ఆరిపోతోంది
ఉండేది డాలస్ దగ్గర ఫ్రిస్కోలో. పూల్ పక్కన ప్యాటియోకి పేవర్లు (నేల మీద పరిచే రాళ్లు) పరిచే ముందే ఫైర్ పిట్ (ఆరుబయట గ్యాస్‌తో మండే మంట గుంట) వెలిగించి చూస్తున్నాం. నేచురల్ గ్యాస్, గంటకు 60,000 బీటీయూ (వేడి కొలత) బర్నర్. మీటర్ నుంచి 70 అడుగులు ముప్పావు అంగుళం పైపు. 4,00,000 బీటీయూ పూల్ హీటర్ కూడా దాని మీదే. హీటర్ ఆగి ఉంటే మంట అడుగెత్తు లేస్తుంది. హీటర్ అందుకోగానే కుంచించుకుపోయి ఆరిపోతుంది, గాలి లేని రాత్రుళ్లు కూడా. బర్నర్ రంధ్రాలు శుభ్రం చేశాం, థర్మోకపుల్ (మంట ఉందో లేదో పసిగట్టే సెన్సర్) మార్చాం. హీటర్ నడిస్తే పిట్ దగ్గర గ్యాస్ ప్రెషర్ 7 అంగుళాల (వాటర్ కాలమ్ కొలతలో) నుంచి 3కి పడుతోంది. కాంట్రాక్టరేమో రెండూ ఒకేసారి వాడొద్దంటాడు. మరి ఇంత ఖర్చు దేనికి? పేవర్లు పడితే మళ్లీ తవ్వలేం. పిట్‌కి మీటర్ నుంచి విడిగా పైపు వేయించాలా, ఉన్న పైపులోనే ప్రెషర్ 2 పీఎస్‌ఐకి పెంచి చివర్లో దాన్ని తగ్గించే రెగ్యులేటర్లు పెడితే సరిపోతుందా?