సోవాజ్ ఉంగరాలు ఎలా తిరుగుతాయి? సెమినార్ కోసం సహాయం కావాలి

అందరికీ నమస్కారం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. సెమినార్‌కి ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బోర్గ్ ప్రొఫెసర్ జాన్-పియర్ సోవాజ్ పరిశోధన తీసుకున్నాను. ఆయన జాన్-మారీ లేన్ దగ్గర పీహెచ్‌డీ చేశారు. గురువుగారికి 1987లో నోబెల్ వస్తే, శిష్యుడికి 2016లో వచ్చింది. ఈ విషయం తెలిశాకే నాకు ఆసక్తి పెరిగింది.

1983లో సోవాజ్ బృందం రాగి అయాన్ ఆధారంగా, గొలుసు లింకుల్లా ఒకదానిలో ఒకటి దూరిన రెండు అణు ఉంగరాలను తయారు చేసింది. రాగిని తీసేసినా అవి విడిపోవు. ఇంతవరకు బాగానే అర్థమైంది.

1994లో ఒక ఉంగరాన్ని తిప్పిన పద్ధతి దగ్గరే ఆగిపోయాను. రాగి(I), అంటే ఒక ఎలక్ట్రాన్ పోయిన రాగి అయాన్, ఉంగరాల్లోని నాలుగు నైట్రోజన్ పరమాణువులతో బంధం కోరుకుంటుందని, ఇంకో ఎలక్ట్రాన్ పోయి రాగి(II) అయ్యాక ఐదు కావాలని చదివాను. మరి ఉంగరం తిరిగేటప్పుడు రాగి పాత నైట్రోజన్లను ముందే వదిలేస్తుందా, కొత్తవి దొరికాకే వదులుతుందా? మధ్యలో ద్రావణి అణువులు ఏమైనా సాయపడతాయా? సెమినార్ గురువారమే, చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు దయచేసి వివరించగలరు.