చలిదేశంలో ఇంటిమీద సోలార్: దండగా, పనికొచ్చేదా?

(విశాఖవాసుల మధ్య చర్చ ఇది; మాట్లాడేవాళ్లను వాళ్ల పేట పేరుతో ఇచ్చాం.)

ఎంవీపీ కాలనీ: మా అబ్బాయి జర్మనీలోని హాంబర్గ్‌లో ఇల్లు కొన్నాడు. పైకప్పు మీద సోలార్ పెట్టిస్తానంటున్నాడు. చలికాలమంతా ఎండ మొహం చూడని ఊళ్లో అంత డబ్బు పోయడం దేనికని నా బాధ. తెలిసినవాళ్లు చెప్పండి.

గాజువాక: శుద్ధ దండగండీ. ఆ చలికి ప్యానెళ్లు ఏం పనిచేస్తాయి?

సీతమ్మధార: చలికేం కాదండీ. ప్యానెల్‌కి కావలసింది వెలుతురు, వేడి కాదు. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకీ 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం మన డాబా మీద ప్యానెల్ వెనక చెయ్యి పెట్టి చూడండి, చురుక్కుమంటుంది. ఆ నష్టం వాళ్లకు తక్కువ. ఏడాది మొత్తమ్మీద ఒక కిలోవాటు ప్యానెళ్లకు మన విశాఖలో 1,400 యూనిట్ల దాకా వస్తే, హాంబర్గ్‌లో 900 పైచిలుకు వస్తాయి. అక్కడ యూనిట్ ధర మనకంటే చాలా ఎక్కువ కాబట్టి గిట్టుబాటవుతుంది.

అసలు చిక్కు డిసెంబరుతోనే. ఆ నెల చివర్లో హాంబర్గ్‌లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 13 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. మీటరు ఎత్తు గోడ నీడ నాలుగు మీటర్లు దాటుతుంది. అదే రోజు మన దగ్గర మీటరు కూడా ఉండదు. ఇంటికి దక్షిణం వైపు ఏ బిల్డింగ్ ఉందో, ఏ చెట్టు ఉందో ముందు చూసుకోమనండి.

గాజువాక: మరి వాళ్లకు ఇల్లు వెచ్చబెట్టుకోవాల్సింది ఆ డిసెంబరులోనే కదా! అప్పుడు రాని కరెంటు ఎందుకు?

సీతమ్మధార: గట్టి ప్రశ్నే. ఇంట్లో బ్యాటరీ పగటి కరెంటును రాత్రికి దాస్తుంది గానీ, జూన్‌లో వచ్చింది డిసెంబరుకి దాయలేదు. ఒక్క ఇంటివల్ల అయ్యే పని కాదు, ఊరు కలిస్తే అవుతుంది. డెన్మార్క్‌లో వోయెన్స్ అనే చిన్న పట్టణంలో 70,000 చదరపు మీటర్ల సోలార్ హీటర్లతో వేసవిలో నీళ్లు కాచి, రెండు లక్షల ఘనపు మీటర్లు పట్టే పెద్ద గోతిలో పైన మూత పరిచి దాస్తారు. చలికాలంలో ఆ వేడిని పైపుల్లో ఇళ్లకు పంపుతారు. కరెంటుగా కాకుండా వేడిగా దాచడమే అందులో కిటుకు.

ఎంవీపీ కాలనీ: మరి మావాడికి ఏం చెప్పమంటారు?

సీతమ్మధార: దక్షిణం వైపు అడ్డం లేకపోతే పెట్టించమనండి. చలికాలం హీటింగ్ బిల్లు దీంతోనే తీరిపోతుందని మాత్రం లెక్కేసుకోవద్దనండి.

గాజువాక: నన్నడిగితే ఆ డబ్బుతో ముందు కిటికీలు, గోడలు చలి చొరకుండా చేయించమంటాను. ప్యానెళ్ల సంగతి ఆ తర్వాత.