కౌన్సిల్ అభ్యర్థికి 175 డాలర్ల చందా కట్టమంటున్నారు, కంపెనీ తిరిగి ఇస్తుందట. కట్టొచ్చా?

జెర్సీసిటీ_వాసి:
మాది మన్‌హాటన్‌లో చిన్న ఐటీ కన్సల్టెన్సీ. న్యూయార్క్ సిటీ ఏజెన్సీ ఒకదానికి మనుషుల్ని సప్లై చేస్తుంది. ఓనరుకి బాగా కావలసినాయన సిటీ కౌన్సిల్‌కి పోటీ చేస్తున్నాడు. సోమవారం మేనేజరు ఆరుగురికి వాట్సాప్‌లో లింకు పంపాడు. తలా 175 డాలర్లు కట్టాలి, రసీదు తనకి పంపాలి, డబ్బు వచ్చే జీతంతో పాటు ఎక్స్‌పెన్స్ కింద వేసేస్తారు. ఆరుగురిలో ముగ్గురం హెచ్1బీ, ఇద్దరికి గ్రీన్ కార్డు ఉంది, ఒకామె సిటిజన్. నేనుండేది జెర్సీ సిటీలో.

హెచ్1బీ వాళ్ళు కట్టొచ్చా? గ్రీన్ కార్డు ఉంటే ఫర్వాలేదా? న్యూజెర్సీలో ఉంటే ఏమైనా తేడా ఉందా? అంత చిన్న మొత్తాన్ని ఎవరైనా పట్టించుకుంటారా?

లెక్కల_మాస్టారు:
ఆరుగురిలో ఒక్కరు కూడా కట్టకూడదు. హెచ్1బీ వాళ్ళ సంగతి వేరే ఎవరైనా చెప్తారు, నేను డబ్బు సంగతి చెప్తాను.

200 కాకుండా, 150 కాకుండా సరిగ్గా 175 ఎందుకు అడిగాడో చూడండి. న్యూయార్క్ సిటీలో చిన్న చందాలకి ఊరి ఖజానా నుంచి మ్యాచింగ్ ఫండ్స్ ఇస్తారు. ఆ పథకంలో చేరిన కౌన్సిల్ అభ్యర్థికి, సిటీలో ఉండే మనిషి ఇచ్చే చందాలో మొదటి 175 డాలర్లకి ఒకటికి ఎనిమిది చొప్పున కలుస్తుంది. అంటే ఒక్కొక్కరి 175కి పైన 1,400 ప్రభుత్వ సొమ్ము. మేయర్ లాంటి సిటీ మొత్తం పదవులకి ఆ హద్దు 250, కలిసేది 2,000. కాబట్టి 175 చిన్న మొత్తమేమీ కాదు, ఖజానాలోంచి లాగగలిగిన గరిష్ఠం అది.

ఓనరు తనే ఎందుకు కట్టట్లేదంటారా? సిటీతో వ్యాపారం చేసే కంపెనీల పెద్దల పేర్లు డూయింగ్ బిజినెస్ డేటాబేస్ అనే జాబితాలో ఉంటాయి. 2007లో చేసిన లోకల్ లా 34 కింద వచ్చింది. కంపెనీ నడిపే పై అధికారులు, 10 శాతం లేదా అంతకు మించి వాటా ఉన్నవాళ్ళు, సిటీ కాంట్రాక్టు వ్యవహారాలు చూసే సీనియర్ మేనేజర్లు అందులోకి వస్తారు. 2025 ఎన్నికల సైకిల్‌లో మామూలు మనిషి కౌన్సిల్ అభ్యర్థికి 1,050 దాకా ఇవ్వగలిగాడు. ఈ జాబితాలో ఉన్నవాడికి 250తో సరి, దానికి మ్యాచింగ్ కూడా ఒక్క పైసా రాదు. అదే 700 డాలర్లు జేబులోంచి తీసి, సిటీలో ఉండే నలుగురు ఉద్యోగుల పేర్ల మీద కట్టించాడనుకోండి: 700 చందా, 5,600 మ్యాచింగ్, వెరసి 6,300 అభ్యర్థి ఖాతాలో పడతాయి. కంపెనీ పేరుతో ఇద్దామంటే కార్పొరేషన్లు, ఎల్ఎల్‌సీలు, పార్ట్‌నర్‌షిప్‌లు ఇవ్వడమే నిషేధం. మీ చేత కట్టించి కంపెనీ సొమ్ము వెనక్కి ఇవ్వడమంటే ఆ నిషేధాన్ని కూడా దాటినట్టే.

మన భాషలో ఇది బినామీ చందా. ఇక్కడ స్ట్రా డోనర్ అంటారు.

న్యూజెర్సీ మాటకొస్తే, సిటిజన్ గానీ గ్రీన్ కార్డు గానీ అయి, సొంత డబ్బు అయితే అక్కడి వాళ్ళు కూడా ఇవ్వొచ్చు. మ్యాచింగ్ మాత్రం రాదు.

క్వీన్స్_గోదారి:
వీసా సంగతి. హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, ఓపీటీ, ఎల్1, ఈఏడీ (వర్క్ పర్మిట్) మీద ఉన్నవాళ్ళు, గ్రీన్ కార్డు చేతికి రాకముందు ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డు పిటిషన్) అప్రూవ్ అయినవాళ్ళు, అందరూ ఫెడరల్ ఎన్నికల చట్టం దృష్టిలో విదేశీయులే. ప్రెసిడెంటు ఎన్నికకే కాదు, ఊళ్ళో కౌన్సిల్ ఎన్నికకి కూడా వీళ్ళు చందా ఇవ్వకూడదు. నేరుగా ఇవ్వకూడదు, ఇంకొకరి చేత ఇప్పించకూడదు. ట్యాక్స్ కడుతున్నాం కదా అన్న వాదన ఇక్కడ పనికిరాదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఈ నిషేధం లేదు. జీతం తీసుకోకుండా ప్రచారంలో వాలంటీరుగా ఫోన్లు చేయడం, కరపత్రాలు పంచడం విదేశీయులు కూడా చేయొచ్చు, కానీ డబ్బు ఎలా ఖర్చు పెట్టాలన్న నిర్ణయాల్లో తలదూర్చకూడదు.

కొందరు సిటీలో నాన్ సిటిజన్లకి ఓటు ఇచ్చారు కదా అని గుర్తు చేస్తుంటారు. ఆ చట్టాన్ని రాష్ట్ర అత్యున్నత కోర్టు 2025 మార్చిలో కొట్టేసింది. అది నిలిచినా చందా నిషేధం ఫెడరల్ చట్టంలోది కాబట్టి దాని దారి దానిదే.

175కే జైలు అని ఎవరైనా భయపెడితే అది అతి. ఫెడరల్ చట్టం కింద క్రిమినల్ కేసుకి తెలిసి చేసిన ఉల్లంఘన, ఏడాదిలో మొత్తం 2,000 డాలర్లకి చేరాలి. ఆ లోపు సివిల్ జరిమానాల దాకా ఉంటుంది. పది మంది చేత కట్టించినవాడికి మాత్రం మొత్తం కూడుతుంది.

నాకు అంతకంటే భయం వేసేది ఆన్‌లైన్ ఫారంలో ఉండే చిన్న టిక్కు. చాలా ఫారాల్లో "నేను అమెరికా పౌరుణ్ణి లేదా పర్మనెంట్ రెసిడెంటుని" అన్న అర్థం వచ్చే గడి ఉంటుంది. అది టిక్ చేయందే ముందుకి పోదు. ఇమ్మిగ్రేషన్ చట్టంలో పౌరసత్వం ఉందని అబద్ధం చెప్పడానికి మినహాయింపు దాదాపు దొరకదు. "లేదా" అన్న మాట ఉన్న గడి దాని కిందకి వస్తుందా రాదా అన్నది ఇమ్మిగ్రేషన్ లాయరు చెప్పాలి. 175 డాలర్ల కోసం ఆ ప్రశ్న మీ ఫైల్లో పెట్టుకోవడం దేనికి?

జెర్సీసిటీ_వాసి:
థాంక్స్ అండీ. ఇదే మాట మేనేజరుతో అంటే "సరే, ఎక్స్‌పెన్స్ అని వద్దు, నెల తర్వాత బోనస్ అని పే స్లిప్‌లో వేస్తాం, ట్యాక్స్ కూడా కట్ అవుతుంది, అప్పుడది మీ సొంత డబ్బే" అంటున్నాడు. గ్రీన్ కార్డు వాళ్ళ వరకు ఇది నడుస్తుందా?

ఆడిట్_కళ్ళు:
నడవదు. చందా కార్డు మీద సంతకం ఎక్కడ పెడతామో అక్కడి వాక్యం ఒకసారి చదవండి. సారాంశం ఇది: ఈ చందా నా పేరు మీద, నా సొంత సొమ్ములోంచి ఇస్తున్నాను, దీనికి నాకు గానీ, నాకు తెలిసినంతలో ఇంకెవరికి గానీ ఏ రూపంలోనూ తిరిగి చెల్లించలేదు, ఇది అప్పు కాదు, ఇది నా వ్యక్తిగత ఖాతా, కంపెనీ బాధ్యత ఉన్న ఖాతా కాదు. "ఏ రూపంలోనూ" అన్నాక బోనస్ అనండి, అడ్వాన్స్ అనండి, గిఫ్ట్ కార్డు అనండి, తేడా లేదు. ముందే ఇచ్చి కట్టించినా అంతే. కంపెనీ కార్డు గీసినా అంతే. పైగా దాన్ని కంపెనీ పుస్తకాల్లో "క్లయింట్ మీటింగ్" అనో "పెర్ఫార్మెన్స్ బోనస్" అనో రాస్తే, న్యూయార్క్ రాష్ట్ర చట్టంలో వ్యాపార రికార్డుల్లో తప్పుడు రాతలన్న నేరం వస్తుంది. ఇంకో నేరాన్ని కప్పడానికి రాస్తే అది ఫెలొనీ, అంటే పెద్ద నేరం. మేనేజరు చెప్పిన ఉపాయం వల్ల కేసు పెరుగుతుంది గానీ తగ్గదు.

2021లో న్యూయార్క్ మేయర్‌గా గెలిచిన ఎరిక్ ఆడమ్స్ ప్రచారం చుట్టూ వచ్చిన కేసుల్లో బ్రూక్లిన్ బిల్డర్ ఒకాయనది ఇలాంటి వ్యవహారమే. ఉద్యోగుల పేర్ల మీద కట్టించి, డబ్బు తను ఇచ్చాడు. వైర్ ఫ్రాడ్ (ఎలక్ట్రానిక్ మార్గాల్లో మోసం) కుట్ర కింద 2025 జనవరిలో నేరం ఒప్పుకున్నాడు. చందా గొడవకి వైర్ ఫ్రాడ్ ఏమిటంటే, బినామీ చందా చూపించి రాబట్టిన మ్యాచింగ్ సొమ్ము ఖజానాని మోసం చేసి తీసుకున్నట్టు. ఆడమ్స్ మీద 2024 సెప్టెంబరులో ఫెడరల్ కేసు పెట్టారు, ఆయన నేరం ఒప్పుకోలేదు, 2025 ఏప్రిల్‌లో జడ్జి కేసుని మళ్ళీ పెట్టకుండా కొట్టేశారు. మ్యాచింగ్ సొమ్ము ఇచ్చే క్యాంపెయిన్ ఫైనాన్స్ బోర్డు మాత్రం 2024 డిసెంబరులోనే ఆయన కొత్త ప్రచారానికి మ్యాచింగ్ నిరాకరించింది. దానికి ముందు 2023 జులైలో మన్‌హాటన్ డీఏ (అక్కడి ప్రభుత్వ ప్రాసిక్యూటరు) ఇంకో బినామీ చందాల కేసులో ఆరుగురి మీద అభియోగాలు పెట్టాడు. వాళ్ళలో ఒకరు పోలీసు శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనాయన. ఆ కేసులో ఆడమ్స్ నిందితుడు కాదు.

చిన్న మొత్తాల్ని ఎవరు చూస్తారన్నారు. చూసేది చిన్న మొత్తాల్నే, ఎందుకంటే ఖజానా డబ్బు వెళ్ళేది వాటికే. 99 డాలర్లు దాటిన ప్రతి చందాకీ ఉద్యోగం, యజమాని పేరు రాయాలి. మీ ఆరుగురివి పక్కపక్కన పెట్టి చూడండి: ఒకే యజమాని, ఒకే మొత్తం, రెండు మూడు రోజుల్లో అన్నీ. ఇంతకు ముందు ఎవరికీ రూపాయి ఇవ్వని మనుషులు. కాగితం కార్డులైతే చేతిరాత కూడా. మేయర్ పదవికి పోటీకి దిగిన జాన్ లియూ వ్యవహారంలో 2011లో పత్రికల వాళ్ళు చందాదారుల తలుపులు తట్టి అడిగితే, తాము ఇవ్వలేదన్నవాళ్ళు తేలారు, ఒకే చేతిరాతతో నింపిన కార్డులూ బయటపడ్డాయి. తర్వాత వ్యాపారిలా వచ్చిన ఎఫ్‌బీఐ మనిషి నుంచి 16,000 డాలర్లు తీసుకుని 20 మంది పేర్ల మీద కట్టించిన ఫండ్‌రెయిజర్‌కీ, ప్రచార కోశాధికారికీ 2013లో శిక్షలు పడ్డాయి. లియూ మీద కేసు లేదు. కానీ మేయర్ ప్రైమరీకి నెల ముందు బోర్డు ఆయనకి రావాల్సిన 35 లక్షల డాలర్లకి పైగా మ్యాచింగ్‌ని ఆపేసింది.

జెర్సీసిటీ_వాసి:
ఆరుగురిలో ఒకతను (గ్రీన్ కార్డు, క్వీన్స్‌లో ఉంటాడు) మంగళవారమే కట్టేశాడు. ఎక్స్‌పెన్స్ క్లెయిమ్ కూడా పెట్టాడు, ఇంకా డబ్బు రాలేదు. ఇప్పుడేం చేయాలి?

ఆడిట్_కళ్ళు:
ఇంకా రాలేదంటే సగం దారిలో ఆగినట్టే, మంచిదే.

ముందు ఆ క్లెయిమ్‌ని వెనక్కి తీసుకోమనండి, కారణం రాతలో పెట్టమనండి: "ఇది వ్యక్తిగత ఎన్నికల చందా, కంపెనీ చెల్లించకూడదు." పోర్టల్‌లో డిలీట్ చేసి ఊరుకుంటే మొదటి ఎంట్రీ లాగ్‌లో ఉంటుంది, వివరణ ఉండదు. ఒకవేళ జీతంలో పడిపోతే పేరోల్‌కి అదే మాట చెప్పి చెక్కుగా తిరిగి ఇవ్వాలి. మేనేజరు చేతిలో నగదు పెట్టొద్దు.

తర్వాత ప్రచార కోశాధికారికి ఈమెయిల్. మూడు లైన్లు చాలు: పేరు, తేదీ, మొత్తం, ఈ చందా పూర్తిగా నా స్వచ్ఛంద వ్యక్తిగత చందా అని నేను ధృవీకరించలేను, దయచేసి రీఫండ్ చేసి, మ్యాచింగ్ క్లెయిమ్‌లో చేర్చొద్దు, చేర్చి ఉంటే తీసేయండి. మేనేజరు గురించి కథ రాయక్కర్లేదు. మెయిల్ పంపే ముందు గంట సేపు లాయరుతో మాట్లాడితే ఇంకా మేలు. ఆ లాయరు అతని సొంత లాయరు అయి ఉండాలి. కంపెనీ లాయరుకి క్లయింటు కంపెనీయే, మీరు చెప్పింది ఓనరుకి చేరుతుంది.

ఆరుగురూ కూర్చుని "ఎవరైనా అడిగితే ఇలా చెబుదాం" అని మాట కలుపుకోవద్దు. మామూలుగా ఇలాంటి వాటిలో ఉద్యోగులు సాక్షులుగా మిగులుతారు, కట్టించినవాడు నిందితుడవుతాడు. అబద్ధం చెప్పినప్పుడే సాక్షి అటు వైపు జారేది. 2024 అక్టోబరులో ఆడమ్స్ దగ్గర పనిచేసిన ఒక ఉద్యోగి మీద మొదట పెట్టిన కేసు, చందాదారుల చేత ఎఫ్‌బీఐకి అబద్ధం చెప్పించాడనీ, ఫోన్‌లోంచి సిగ్నల్ యాప్ తీసేశాడనీ.

హైదరాబాదీ_42:
అక్కడ చందాకి హద్దు పెట్టి లెక్క అడుగుతున్నారు, బాగుంది. మన దగ్గర 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో కార్పొరేటర్ అభ్యర్థి ఖర్చుకి 5 లక్షలు హద్దు, ఫలితం వచ్చిన 45 రోజుల్లో లెక్క ఇవ్వాలి. హద్దు ఖర్చు మీదే, ఎవరిచ్చారన్నది ఎవరికీ పట్టదు. పోలింగు ముందు రోజు రాత్రి పంచేది ఏ లెక్కలోనూ ఉండదనుకోండి.

లెక్కల_మాస్టారు:
హైదరాబాదీ గారూ, ఇక్కడ మ్యాచింగ్ తీసుకునేవాళ్ళకి ఖర్చు మీద కూడా హద్దు ఉంది. 1980లలో పార్కింగ్ జరిమానాల వసూలు కాంట్రాక్టుల్లో లంచాల కుంభకోణం బయటపడ్డాక 1988లో ఈ బోర్డు పుట్టింది. అంతకు ముందు ఇక్కడ కూడా కాంట్రాక్టరే పెద్ద దాత.

జెర్సీసిటీ గారికి ఇంకో మాట. మేనేజరు ఆరుగురి దగ్గర పోగుచేసి అభ్యర్థికి ఇచ్చినట్టయితే అతన్ని ఇంటర్మీడియరీగా, అంటే వసూలు చేసినవాడిగా, ప్రచారం వాళ్ళు బోర్డుకి చెప్పాలి. అతను డూయింగ్ బిజినెస్ జాబితాలో ఉంటే, అతను పోగుచేసిన వాటికి మ్యాచింగ్ రాదు. అందుకే లింకు పంపి, ఎవరికి వాళ్ళు కట్టినట్టు చూపిస్తారు. రసీదు తనకి పంపమన్నాడన్నారు కదా, ఎవరు తెచ్చారో అభ్యర్థికి లెక్క చెప్పుకోవడానికే అయ్యుంటుంది.

ఓనరు, మేనేజరు పేర్లు ఆ జాబితాలో ఉన్నాయో లేదో సిటీ వెబ్‌సైట్‌లో వెతకొచ్చు, అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారన్నది బోర్డు వాళ్ళ ఫాలో ద మనీ పేజీలో యజమాని పేరు కొట్టినా వస్తుంది. మీ కంపెనీ పేరు కొట్టి చూడండి, పాత ఎన్నికల్లో కూడా 175లు వరసగా కనిపిస్తాయేమో.

జెర్సీసిటీ_వాసి:
చూశాను. ఇంకేం చెప్పను. మేనేజరుకి ఏమని జవాబివ్వాలి? నా వీసా కంపెనీ చేతిలో ఉంది.

క్వీన్స్_గోదారి:
వీసా ఉన్నవాళ్ళకి ఈ విషయంలో జవాబు తేలిక. "చట్ట ప్రకారం నాకు చందా ఇచ్చే అర్హత లేదు" అని ఒక్క లైను, వాట్సాప్‌లోనే, అతను అడిగిన మెసేజ్‌కి రిప్లైగా పెట్టండి. నీతులు చెప్పొద్దు, ఎవరినీ తప్పు పట్టొద్దు. గ్రీన్ కార్డు, సిటిజన్ వాళ్ళు "నా పేరు మీద వేరేవాళ్ళ డబ్బు కట్టలేను" అంటే సరిపోతుంది. ఒత్తిడి పెరిగితే సిటీ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్వెస్టిగేషన్ ఫిర్యాదులు తీసుకుంటుంది, పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు.

రిప్లై పెట్టే ముందు ఆ చాట్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉందేమో చూసుకోండి. ఉంటే సోమవారం నాటి మెసేజ్ ఇవాళో రేపో మాయమైపోవచ్చు. తేదీ, పంపినవాడి నంబరు కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి సొంత ఈమెయిల్‌కి పంపుకోండి. ఆఫీసు లాప్‌టాప్‌లోంచి కాదు.